మా జట్టుకి అన్నం పెట్టిన ఆంటీ

పోయిన శనివారం పొద్దున్నే ఎదురింటి అంకుల్ ఫోన్ చేశారు. "మీ ఆంటీ పోయిందయ్యా," అన్నారు. నేనేదో అనబోతే ఆపి, "ఫ్యూనరల్ హోమ్ వాళ్లు పెట్టెని చక్రాల బండి మీద తోసుకెళ్తామంటున్నారు. నేనొప్పుకోను. భుజాల మీదే వెళ్లాలి. పిల్లలకి చెప్పు," అన్నారు.

వాళ్లకి పిల్లల్లేరు. ఆయన చెప్పమన్నది మా బాస్కెట్‌బాల్ జట్టుకి. ఆ క్లబ్ మూతపడి చాలా ఏళ్లయింది, ఆటగాళ్లు తలా ఒక ఊళ్లో ఉన్నారు. నా దగ్గరున్న నంబర్లలో ఎన్ని పనిచేస్తాయో కూడా తెలీదు. సరేనన్నాను.

కెనడాలో ఒట్టావా పక్కనున్న కనాటాలో మా క్లబ్ పుట్టిందే పొట్టలు తగ్గించుకోవడానికి. కొందరు టెలికాం ఇంజినీర్లం ఆఫీసయ్యాక హైస్కూల్ జిమ్ తీసుకుని ఆడేవాళ్లం. పొట్టలు తగ్గలేదు గానీ, మాతో ఆడటానికొచ్చే కాలేజీ కుర్రాళ్ల ఆట చూసి మాలో ఒకాయనకి ఆశ పుట్టింది. ఆయన కోచ్ అయ్యాడు, కుర్రాళ్లు జట్టయ్యారు, మేం బెంచీల మీదికి జరిగాం. ఒక చిన్న లీగ్‌లో చేరాం. సెమీ ప్రొఫెషనల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. పగలంతా గోడౌన్లో పని, సాయంత్రం ప్రాక్టీసు, మ్యాచ్‌కి ఇంతని చేతిలో పెట్టే పెట్రోలు ఖర్చులు. నా హోదా టీమ్ మేనేజర్. చేసింది కుర్చీలు వెయ్యడం, మళ్లీ తియ్యడం.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి గదులు కావలసి వచ్చాయి. ఆంటీ వాళ్ల బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. ఒక్క వారమే అని చెప్పి, హాలిఫాక్స్ నుంచి వచ్చిన ఒక ఆటగాణ్ణి అక్కడ దింపాను. జట్టు మొత్తంలో పొడుగు అతనే. ఆ వారం మూడు సీజన్లు సాగింది. అతనితో పాటు ఆదివారాలు మిగతా జట్టూ రావడం మొదలుపెట్టింది.

మొదటి హోమ్ మ్యాచ్ రోజు ఆంటీ, "ఆడబోయేవాళ్లని కడుపు మాడ్చి పంపిస్తామా?" అని గారెలు, పులిహోర, ముద్దపప్పులో నెయ్యి, చివర్లో గడ్డపెరుగు వడ్డించింది. రెండో క్వార్టర్‌కల్లా మా ఆటగాళ్లు ఆవలించడం మొదలుపెట్టారు. చిత్తుగా ఓడిపోయాం. మర్నాడు కోచ్, గట్టిగా చెప్పి వస్తానని ఆంటీ వాళ్లింటికి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే చూడ్డానికి వెళ్లాను. భోంచేసి సోఫాలో నిద్రపోతున్నాడు, మీద దుప్పటి కూడా కప్పి ఉంది. లేచాక ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. మ్యాచ్‌కి ముందు ఇడ్లీలే, భోజనం తర్వాత. ఓడిపోయినా భోజనమేనా అని అడిగితే, "గెలిస్తే ఆకలేస్తుంది. ఓడితే ఇంకా ఎక్కువేస్తుంది," అంది.

మ్యాచ్‌లకి వచ్చి బెంచ్ వెనక వరసలో కోటు విప్పకుండా కూర్చునేది. ఆట రూల్స్ ఆమెకి పట్టలేదు. అవతలి జట్టువాడు ఫ్రీ త్రో వేస్తుంటే మావాళ్లు గోల చేసేవాళ్లు. ఏ జిమ్‌లో అయినా అది మామూలే. ఆంటీ మాత్రం వెనక్కి తిరిగి, "వాడూ ఒక తల్లి బిడ్డేగా, వేసుకోనివ్వండి," అనేది. భాష అర్థమయ్యో, చూపు అర్థమయ్యో అందరూ ఊరుకునేవాళ్లు. క్రమంగా అది మా జిమ్ పద్ధతి అయిపోయింది. దానివల్ల మేం ఓడిన మ్యాచ్‌లు కోచ్ ఇప్పటికీ ఏకరువు పెడతాడు.

ఒక చలికాలం ఆ పొడుగతని మోకాలి లిగమెంట్ తెగింది. ఆడలేనివాణ్ణి ఇంటికి పంపించెయ్యాలని క్లబ్‌లో అనుకున్నారు. ఆ మాట చెప్పడానికి నన్నే పంపారు. ఆంటీ స్టవ్ దగ్గర దోసె తిప్పుతూ విని, "గది మీ క్లబ్‌కిచ్చానని ఎవరు చెప్పారు? ఆ అబ్బాయికిచ్చా. నడిచినప్పుడు వెళ్తాడు," అంది. నాకూ ఒక దోసె వేసింది. అంకుల్ అతన్ని మంచులో ఫిజియోథెరపీకి తిప్పారు. వేసవికి అతను కర్ర లేకుండా మెట్లెక్కి పైకి వచ్చాడు.

తర్వాత టెలికాం కంపెనీల్లో లేఆఫ్‌లు వచ్చాయి. క్లబ్ నడిపేవాళ్లు ఊళ్లు మారారు, జిమ్ చేజారింది. ఆఖరి భోజనాల రోజు ఆంటీ, "బంతి లేకపోతే ఆకలుండదా ఏంటి? ఆదివారాలు రండి," అని ఒక్కొక్కళ్లకీ విడిగా చెప్పింది. మొదటి ఏడాది చాలామంది వచ్చారు. తర్వాత కొందరు. తర్వాత ఫోన్లో శుభాకాంక్షలు. "ఎవరి సంసారాలు వాళ్లవి," అనేది. మళ్లీ తనే, "పప్పు తక్కువ నానబెట్టడం మాత్రం చేతకావట్లేదయ్యా," అనేది. అది విన్నప్పుడల్లా నాకు వాళ్ల మీద కోపం వచ్చేది.

శనివారం పాత నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టాను. సగం వెళ్లలేదు. వెళ్లినవాటికి సాయంత్రం దాకా జవాబు లేదు. "ఆశ పెట్టుకోకండి అంకుల్, నేనూ మా ఆఫీసువాళ్లూ మోస్తాం," అన్నాను.

అంత్యక్రియల రోజు నేను వెళ్లేసరికే ఫ్యూనరల్ హోమ్ మెట్ల మీద నిలబడి ఉన్నారు. వాటర్లూ నుంచి ఇద్దరు, ఎటోబికో నుంచి ఒకతను, హాలిఫాక్స్ నుంచి కారులో వచ్చిన ఆ పొడుగతను, ఇంకొకరిద్దరు. గడ్డాలు నెరిశాయి. ఇన్నాళ్ల కోపం పోయి ఏడుపొచ్చింది.

పెట్టె భుజాలకెత్తారు. ముందు ఒక పక్కన అంకుల్ నిలబడ్డారు. ఆయన పొట్టి మనిషి. పెట్టె ఎక్కడో పైన ఉండిపోయింది, ఆయన చెయ్యి మాత్రమే అందింది. ఎగిరి పట్టుకోబోయేవాడిలా మడమలెత్తి నిలబడ్డారు. ఆ పొడుగతను అది చూసి మెల్లగా ఏదో అన్నాడు. అందరూ ఒక్కసారే మోకాళ్లు వంచారు. పెట్టె దిగి అంకుల్ భుజం మీద ఆనింది.

డిఫెన్స్‌లో మోకాళ్లు వంచండని గొంతు పోయేలా అరిచినా ఏ సీజన్‌లోనూ వినని మనుషులు వాళ్లు. నా పక్కన కోచ్ కళ్లు తుడుచుకున్నాడు. తెగి అతికిన మోకాలు వణుకుతున్నా ఆ పొడుగతను లేవలేదు, ఎవరూ లేవలేదు. ఆ పొడవాటి హాలు చివరిదాకా అందరూ అంకుల్ ఎత్తులోనే నడిచారు.