మోకాళ్ళకు గొంగడి

1988 నవంబరులో నన్ను బోధన్ వైపు గ్రామాలకు పారామెడికల్ వర్కర్‌గా వేశారు. కుష్టు నివారణ విభాగంలో అది అన్నిటికంటే కింది మెట్టు. పైన సూపర్‌వైజరు, ఆయన పైన మెడికల్ ఆఫీసరు. వాళ్ళకు జీపు, మాకు సైకిలు. ఊరూరా తిరిగి ఒంటి మీద మచ్చలు చూడటం, ఆ మచ్చల్లో స్పర్శ ఉందో లేదో పరీక్షించటం, జబ్బు తేలినవారితో నెలకోసారి మా కళ్ళెదుట మాత్రలు మింగించటం మా పని. మాది నల్గొండ వైపు. ఇందూరు, అంటే నిజామాబాద్ జిల్లా, చలి ఎట్లా ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

బోధన్‌లో గది అద్దెకు తీసుకున్నప్పుడు హెల్త్ డిపార్టుమెంటులో పని అని మాత్రమే చెప్పాను. సంగతి తెలిశాక యజమాని ఖాళీ చేయమనలేదు గానీ, వాళ్ళింటి నుంచి అప్పుడప్పుడు వచ్చే కూర గిన్నె రావటం ఆగిపోయింది. హోటల్లో నేను కూర్చున్న బల్ల దగ్గరకు ఇంకొకరు వచ్చేవారు కాదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా రోగులతో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజులు చాలా ఉన్నాయి. నాకు బాధగానే ఉండేది. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం పని ఎక్కువగా ఉందని రాసేవాణ్ణి.

మా ఉద్యోగంలో ఎక్కడా రాసి ఉండని నియమం ఒకటుంది. రోగి ఇంటి ముందు సైకిలు ఆపకూడదు. మా సైకిలు ఏ గుమ్మం ముందు కనబడితే ఆ ఇంటికి ఊరు దూరమవుతుంది. అందుకని సైకిలు బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో పెట్టి, నాలుగిళ్ళు ఊరికే తిరిగి, మధ్యలో అసలు ఇంటికి వెళ్ళేవాళ్ళం. కొత్తగా చేరినవాడికి సీనియర్లు మందుల పేర్లకంటే ముందు ఇదే నేర్పేవారు.

గంగామణి విషయంలో అదీ కుదరలేదు. ఆమె బీడీలు చుట్టేది. భర్త భీవండిలో మగ్గాల మీద పని. ఇంట్లో తను, అత్త లసుమవ్వ. ఎడమ మోచేతి దగ్గర రాగి రంగు మచ్చ, అదే చేతి చివరి రెండు వేళ్ళకు స్పర్శ లేదు. కాలిన పెనం తగిలినా తెలియలేదట. ఆకు పట్టు జారి బీడీలు వదులుగా వస్తున్నాయని కార్ఖానాలో అప్పటికే పక్కన పడేస్తున్నారు. జబ్బు సంగతి బయటపడితే ఆమెకు ఆకూ తంబాకూ ఇచ్చేవారే ఉండరు. వేళ్ళు మొద్దుబారి ఎక్కువ కాలం కాలేదు కాబట్టి నరం వాపు తగ్గే మాత్రలు సరిగ్గా వాడితే స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అని మెడికల్ ఆఫీసరు గారు చెప్పారు. మధ్యలో ఆపటానికి వీల్లేదు. రెండు వారాలకోసారి చెయ్యి పరీక్షించి తీరాలి.

వాళ్ళ ఇల్లు కార్ఖానా పక్క గల్లీలోనే. అందుకని లసుమవ్వే ఒక ఏర్పాటు చేసింది. ఆడవాళ్ళు ఊరి బయటికి వచ్చే వేళ, ఇంకా మసక ఉండగానే, అత్తాకోడళ్ళు కాలువ తూము దాకా వస్తారు. నేను అప్పటికే అక్కడ ఉండాలి. "అందరు లేసేటాలకు మేం ఇంట్ల ఉండాలె సారూ. గంతే," అంది ముసలమ్మ.

అంటే నేను బోధన్‌లో చీకటితోనే బయలుదేరాలి. అది చెరకు నరికే కాలం. ఫ్యాక్టరీ వైపు ఎడ్లబండ్లు బారులు తీరి వచ్చేవి. బండ్లవాళ్ళు గొంగడి ముసుగుల్లో ముడుచుకుని, ఎడ్లకే దారి వదిలేసి కునుకు తీస్తుండేవారు. వాళ్ళను దాటి కాలువ గట్టు ఎక్కితే ఇక మనిషి అనేవాడు కనపడడు. నీళ్ళ మీది నుంచి వచ్చే గాలి స్వెట్టరును, మఫ్లరును వదిలేసి నేరుగా మోకాళ్ళను పట్టుకునేది. సైకిలు తొక్కేవాడికి ముందుగా గాలికి ఎదురు వెళ్ళేవి మోకాళ్ళే. పైగా అక్కడ కండ లేదు, పలుచటి ప్యాంటు గుడ్డ తప్ప అడ్డమూ లేదు. ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

పుష్యమాసంలో పూసలు గుచ్చనైనా పొద్దుండదంటారు. ఆ నెలలోనే నా కుడి మోకాలు వాచింది. క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టి, నొప్పి మాత్ర వేసుకుని తిరిగాను. ఒకరోజు జీపు దగ్గర కుంటుతుంటే మెడికల్ ఆఫీసరు గారు చూసి కట్టు విప్పించారు. బిగిస్తే రక్తం ఆడదు, కావలసింది వెచ్చదనం, బిగువు కాదు అని చీవాట్లు పెట్టారు. ఆ తర్వాత సైకిలును చూశారు. కాళ్ళు నేలకు ఆనటానికి వీలని సీటు బాగా దించి పెట్టుకున్నాను. సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువ మడిచి తొక్కాలి, చలిలో అది ఇంకా చేటు. పెడలు అడుగుకు చేరినప్పుడు కాలు దాదాపు చాపినట్టు ఉండి, మోకాలు కొంచెం మాత్రమే వంగాలని చూపించి సీటు లేపించారు. బయలుదేరేముందే మోకాళ్ళు కప్పుకోమన్నారు, మొదట నెమ్మదిగా తొక్కి కాళ్ళు వేడెక్కాకే వేగం పెంచమన్నారు, ఎదురుగాలిలో నిలబడి తొక్కవద్దన్నారు.

సూపర్‌వైజరు గారిది మంచి మనసే. కాలు బాగయ్యేదాకా నీకు ఆఫీసు పని ఇస్తాను, నీ ఊళ్ళకు ఇంకొకరిని పంపుతాను, ఆయన బస్సులో వెళ్తాడు అన్నారు. ఆ బస్సు బాగా పొద్దెక్కాక ఊరి నడిమధ్యన, బీడీ కార్ఖానా ఎదురుగా ఆగుతుంది. దిగేవాడి సంచి చూస్తే చాలు, ఎవరి కోసం వచ్చాడని ఆరా మొదలవుతుంది. కొద్దిరోజులు చూద్దాం సార్ అని బతిమాలుకున్నాను. నా మోకాలు ఆగితే గంగామణి మందు ఆగుతుందన్న భయం నన్ను నిద్ర పోనివ్వలేదు.

తర్వాతి విడత తూము దగ్గర కూర్చోబోయి కూర్చోలేకపోయాను. స్పర్శ లేని చేతులను, కాళ్ళను రోజూ కళ్ళతో చూసుకోవాలని, నొప్పి కాపలా కాయని చోట మనమే కాపలా కాయాలని నేను ఆ అత్తాకోడళ్ళకు ప్రతిసారీ చెప్పేవాణ్ణి. లసుమవ్వ నా కాలు చూసి ఊరుకోలేదు.

"మాకేమో అది సూసుకో ఇది సూసుకో అంటవు. నీకు నొప్పి ఉండి గూడ సూసుకోకపోతివి. చెప్పేటోనికి వినేటోడు లోకువ అన్నట్టే ఉన్నది నీ కత," అంది. గంగామణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ అమ్మాయి నవ్వటం నేను చూడటం అదే మొదలు.

ఆ రెండు వారాలు మోకాళ్ళకు పాత తువ్వాళ్ళు చుట్టుకుని, డాక్టరు గారు చెప్పినట్టే తొక్కాను. వాపు కొంత తీసింది, కానీ తువ్వాళ్ళు జారిపోయేవి. మళ్ళీ తూము దగ్గరికి వెళ్ళిన రోజు లసుమవ్వ కొంగు కింది నుంచి ఒక మూట తీసింది. పాత గొంగడి ముక్కతో కుట్టిన రెండు తొడుగులు. గొంగడి గరుకు తగలకుండా లోపల చీర గుడ్డ వేసి, పైనా కిందా వదులుగా కట్టుకోవటానికి నాడాలు పెట్టారు.

"ఎవరు కుట్టారు?" అని అడిగాను.

"నేనే సారూ," అంది గంగామణి.

నాకు కోపం వచ్చింది. గొంగడి కుట్టాలంటే దబ్బనం కావాలి. స్పర్శ తెలియని వేళ్ళలో దబ్బనం దిగితే పుండు పడుతుంది, పుండు పడితే వేలు పోతుంది. సూదీ కత్తీ ఆ చేత్తో పట్టవద్దని ఎన్నిసార్లు చెప్పానని గట్టిగానే అరిచాను.

ఆమె తల దించుకోలేదు. "గుచ్చుకున్నది సారూ. గీ సిటికెన వేలుకే. సుర్రుమన్నది."

నేను అరవటం ఆపేశాను. కళ్ళు మూసుకోమని, పెన్ను మొనతో ఆ రెండు వేళ్ళను ఒక్కొక్క చోట తాకుతూ, తాకిన చోటు రెండో చేత్తో చూపించమన్నాను. రోగిని నమ్మించటానికి కాదు, మేము నమ్మటానికి చేసే పరీక్ష అది. కొన్నిచోట్ల తడబడింది. చిటికెన వేలి కొన దగ్గర మాత్రం పెన్ను ఆనీ ఆనగానే చూపించింది. పక్కన లసుమవ్వ కళ్ళు తుడుచుకుంటోంది. నాకూ కళ్ళు తడిశాయి. తూర్పున తెల్లబడుతోందని ఇద్దరినీ తొందరపెట్టి పంపించాను.

ఆ తొడుగులు ప్యాంటు మీద కట్టుకుని పోతుంటే బండ్లవాళ్ళు నిద్ర లేచి మరీ నవ్వేవారు. "సారు మోకాళ్ళకు సుత గొంగడి కప్పిండురో!" అని ఒకడు కేక పెడితే బండి నుంచి బండికి ఆ మాట పాకేది. నాకు కోపం రాలేదు. ఆ జిల్లాలో రోగులు కానివాళ్ళు నన్ను పలకరించింది అట్లాగే.

ఎండలు ముదిరే నాటికి ఆమె కోర్సు పూర్తయింది. వేళ్ళకు స్పర్శ చాలావరకు వచ్చింది. సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. మరుసటి చలికాలంలో ఒకరోజు బోధన్ అంగడిలో అత్తాకోడళ్ళు ఎదురుపడ్డారు. గంగామణి ఎడమ చేతిలో గాజుల పొట్లం ఉంది. పక్కన వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఉన్నారు. నన్ను చూసింది, నా మోకాళ్ళ మీది తొడుగులను చూసింది, ఎవరో దారిన పోయేవాణ్ణి దాటినట్టు దాటి వెళ్ళిపోయింది. లసుమవ్వ కూడా అంతే. నేనూ సైకిలు బెల్లు కొట్టుకుంటూ ముందుకు పోయాను.

చలిలో సైకిలు తొక్కేవాడు నొప్పి పుట్టకముందే మోకాళ్ళు కప్పుకోవాలని ఆ ఏడాది నేర్చుకున్నాను, రిటైరయ్యేదాకా ఆ అలవాటు మానలేదు. ఉద్యోగం గురించి నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. మా పని సరిగ్గా జరిగిన ఇంటివాళ్ళు బజారులో మమ్మల్ని గుర్తుపట్టరు.