ఫిల్ము మీద పడిన చేయి

"అమ్మమ్మా, నువ్వే ముట్టినవ్! ఈ గదిల మనమిద్దరమే ఉన్నం."

"నేనెందుకు ముట్టుత బిడ్డా? ఇరవై ఏండ్ల సంది గాజు సామాన్లు కడుగుతున్న. నీ పని మీద ఎన్నడన్న చెయ్యేసిన్నా?"

"మరి గిదేంది? దయ్యమా?"

పోయిన ఎండాకాలం సికింద్రాబాద్‌లోని మా ల్యాబ్ డార్క్‌రూమ్‌లో జరిగిన గొడవ ఇది. ఎర్రబల్బు కింద శ్రావణి పట్టుకున్న ఫిల్ము మీద నల్లగా ఒక అరచేయి, ఐదు వేళ్లు. ముందురోజు కూడా అదే చేయి పడింది. శ్రావణి పీహెచ్‌డీ చేస్తోంది. ల్యాబ్‌లో పిల్లలందరికీ నేను అమ్మమ్మనే. ఆమె తయారుచేసుకున్న ప్రోటీన్ ఇక ఒక్క ట్యూబే మిగిలింది. అదీ పాడైతే ఏడాది కష్టం పోయినట్టే.

నేను ఐదో తరగతి దాటలేదు. చూసి నేర్చుకున్నది చెబుతాను. బయోటిన్ ఒక విటమిన్. దాన్ని మందుగా మార్చి ప్రోటీన్‌లో కలిపితే, అమైన్ అనే చోట పట్టుకుని ఇక వదలదు. ఆ ప్రోటీన్‌ను పల్చటి పొర మీదికి ఎక్కించి వేరే మందు పోస్తే, బయోటిన్ ఉన్నచోటల్లా వెలుగు పుడుతుంది. ఆ వెలుగు ఫిల్ము మీద నల్లగా పడుతుంది.

నా చేయి ఫిల్ముకు ఆనించాను. నా వేళ్లు పొట్టి. సరిపోలేదు.

"నీది పెట్టు."

"నేను గ్లవ్స్ ఏస్కునే పొరను నొక్కిన. నాదెట్లయితది?"

అన్నది గాని పెట్టింది. వేలికి వేలు సరిపోయింది. చటుక్కున చేయి లాక్కుంది.

"గ్లవ్స్ ఏ డబ్బాలకెల్లి తీసినవ్?"

"షెల్ఫు మీది డబ్బాలకెల్లి."

స్టోరు తాళం నా దగ్గరే ఉండేది. ఆ డబ్బా నేను నింపిందే. వాడి పారేసిన వాటిలో చిరగనివి ఏరి, సబ్బుతో కడిగి, ఆరేసి, పౌడరు జల్లి మళ్లీ సర్దేదాన్ని. కళ్లకు శుభ్రంగానే కనిపించేవి. బయోటిన్ పట్టిన పాత ప్రోటీన్ మాత్రం వాటికి అంటుకునే ఉంది. నొక్కినప్పుడు అదే పొర మీదికి దిగి చేయిలా వెలిగింది. దాచకుండా చెప్పేశాను.

శ్రావణి కూలబడింది. "రెండు దినాల సంది పరేషాన్ల ఉన్న. రేపు అగర్‌బత్తి సుత ముట్టిద్దామనుకున్న, అమ్మమ్మా!"

"మంచిగున్నయి పారేసుడెందుకని..." అన్నాను.

మరుసటి ఉదయం నేనే వెళ్లి ల్యాబ్ పెద్ద సార్‌కు గ్లవ్స్ సంగతి చెప్పాను. శ్రావణి కొత్త గ్లవ్స్ వేసుకుని చివరి ట్యూబు వాడింది. ఫిల్ము మీద ఆమెకు కావాల్సిన సన్నటి గీత ఒక్కటే వచ్చింది. చేయి రాలేదు. సార్ స్టోరు తాళంచెవి అడిగారు. కొంగుముడి విప్పి ఇచ్చేశాను.