మంటకు ముందు ఆముదం

“కోత నొప్పి తెలియకుండా మత్తు. ఆ మత్తుమందు మంట తెలియకుండా మళ్లీ ఇంకో మందు! ఏందే ఈ సోకులు? నాకొద్దని చెప్పు ఆ డాక్టరమ్మకి.”

“నువ్వే చెప్పుకో. పోయినేడు గడ్డ కోసే ముందు మత్తిస్తుంటే నువ్వు చెయ్యి విదిలిస్తే సూది ఊడొచ్చి దుప్పటంతా నెత్తురు. అప్పుడేమైంది నీ ఓర్పు?”

తెల్లవారితే నాకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్. నరసరావుపేట ఆసుపత్రిలో ఆ సాయంత్రం మత్తు డాక్టరమ్మ ఆ రెండు మందుల సంగతి చెప్పి వెళ్లగానే నా కూతురు నన్నిలా నిలదీసింది. పక్క మంచం ఆమె కాఫీ తాగడం మాని మమ్మల్నే చూస్తోంది.

పోయినసారి మత్తు ఎక్కిస్తుంటే మణికట్టు నుంచి మోచేతి దాకా నిప్పు పాకినట్టయింది. మందు చెడిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి కడుపులో పోటు వచ్చినప్పుడల్లా జీలకర్ర నీళ్లు తాగి పడుకున్నానే గాని ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆ సాయంత్రం కూడా నా కన్ను చెప్పుల మీదే ఉంది. మా ఊరు రాజుపాలెం బస్సు ఇంకా ఉంటుంది.

కూతురు గొంతు తగ్గించింది. “అమ్మా, మన మిరప కల్లంలో ఎవరన్నా చేతులకి ఆముదం రాసుకోకుండా తొడిమలు తీయడానికి కూచుంటే ఏమంటావు?”

“చేతులు మండి చస్తావు, లేవమంటాను.”

“ఆముదం దండగ గదా?”

“దండగేంది? అది రాయకపోతే పూట కూడా పని సాగదు.”

“మరి?”

“చిక్కావు పిన్నీ!” అని పక్క మంచం ఆమె నవ్వింది. నేను చెప్పుల్ని కాలితో మంచం కిందికి నెట్టాను.

మత్తు డాక్టరమ్మ మళ్లీ వచ్చినప్పుడు పోయినసారి మంట సంగతి నేనే చెప్పాను.

“అప్పుడే చెప్పాల్సింది మామ్మా. మందు చెడలేదు, దాని గుణమే అది. సన్న నరంలో ఇంకా మండుతుంది. రేపు మోచేతి దగ్గర పెద్ద నరంలో ఇస్తాను. ముందు మంట తెలియకుండా కాస్త తిమ్మిరెక్కించే మందు కూడా.”

“సరే, ఇయ్యి,” అన్నాను.

మర్నాడు పొద్దున చెప్పినట్టే మోచేతి మడతలో సూది పెట్టి, తిమ్మిరి మందు ఎక్కించి కాసేపు ఆగింది. తర్వాత మత్తు ఇచ్చింది. కాస్త చురుక్కుమంది, అంతే. నేను చెయ్యి లాక్కోలేదు. మెలకువ వచ్చేసరికి కడుపు మీద కట్లున్నాయి. నీళ్లడిగితే, ఇప్పుడే ఇవ్వరంది నా కూతురు.