కొమురవ్వ ప్రార్థన గుడిసె

కొమురవ్వ కాపురానికి వచ్చిన ఇల్లు ఒకటే అర. పొయ్యి అందులోనే, మేక అందులోనే, దగ్గే మామ, సణిగే అత్త, మొగుడు సోమయ్య, తర్వాత పిల్లలు, అంతా అందులోనే. అరవైతొమ్మిది తెలంగాణ కొట్లాటలో బస్సులు బందైన ఏడాది ఆమె గూడూరు అవతల అడవి అంచునున్న ఆ పల్లెకు కోడలిగా వచ్చింది. పుట్టింటివాళ్లు క్రైస్తవులు. అత్తింటివాళ్లు ఏ దేవుణ్ణీ కాదనేవాళ్లు కాదు. పోచమ్మకు బోనం పెట్టేవాళ్లు, పాస్టరు వస్తే చాప వేసేవాళ్లు.

మానుకోట నుంచి నెలకోసారి సైకిలు మీద వచ్చే పాస్టరు కరుణాకర్, ప్రార్థన పదిమందికి కనబడాలని చేసేది కాదనీ, గదిలోకి పోయి తలుపు వేసుకుని చేయాలనీ ఒక ఆదివారం చెప్పాడు. అందరూ తలలూపి ఇళ్లకు పోయారు. కొమురవ్వ మనసులో ఆ మాట నాటుకుపోయింది. గది లేనివాళ్లు ఏం చేయాలని అడగడానికి సిగ్గుపడి, తానే ఒకటి కట్టుకుంది.

ఇంటి వెనక జొన్నచొప్ప వామికీ దడికీ మధ్య మనిషి పడుకునేంత జాగా ఉంది. కూలి దొరకని ఎండాకాలంలో అక్కడ మోకాలి లోతు తవ్వింది. ఎండిన కుంటలోంచి తట్టతో మన్ను మోసి, తొక్కి, చుట్టూ గోడ పెట్టింది. పైన తాటికమ్మలు కప్పి, ముందర తడక కట్టింది. లోపల నిలబడే వీలు లేదు, మోకాళ్లూనవచ్చు. పేడతో అలుక్కుంది. సిలువ కూడా పెట్టలేదు.

తెల్లవారగానే, కూలికి పోయే ముందు, అందులో దూరి తడక వేసుకునేది. మొదట్లో వచ్చిన ప్రార్థనలన్నీ పెదవులు కదిపి వల్లించేది. రానురాను మాటలు తగ్గాయి. రోకటి చప్పుడు, మామ దగ్గు, పిల్లల ఏడుపు ఎక్కడో దూరమైపోయి తన ఊపిరి తనకు వినబడేది. బుద్ధెరిగినప్పటి నుంచి తనను ఎవరూ పని చెప్పి పిలవని చోటు అదొక్కటే. బయటికి వచ్చాక ఆమె ముఖం తేటగా ఉండేది. ఊరి కంట పడింది ఆ తేటదనమే.

సోమయ్య అన్న సారయ్యది పక్కిల్లు. అతని భార్య రాజీకి పిల్లలు నిలవడం లేదు. రెండో బిడ్డ కూడా పురిట్లోనే మూర్ఛ వచ్చి పోయాక ఎక్కడి నుంచో ఒక మంత్రగాణ్ణి పిలిపించారు. అతను బియ్యం చల్లి చూసి, నేల తవ్వుకుని గుంతలో కూర్చుని గొణిగే ఆడదొకతె ఈ చుట్టుపక్కలే ఉందన్నాడు. పేరు చెప్పాల్సిన పని లేకపోయింది.

మర్నాడు పట్టపగలు ఆమెను పటేల్ రఘునాథ్ అరుగు ముందుకు ఈడ్చుకుపోయారు. బాణామతి, చేతబడి చేసేవాళ్ల పళ్లు పీకితే ఇక మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. తాను చేసేది ప్రార్థన అని కొమురవ్వ చేతులు జోడించి చెప్పింది. మంచిదైతే తలుపేసుకుని చేయడమెందుకని అడిగారు. సారయ్య ఆమె రొమ్ము మీద మోకాలు పెట్టి అదిమాడు. కమ్మరి పట్టుకారు తెచ్చి ముందుపళ్లు పైవీ కిందివీ పీకారు. ఒకటి విరిగి వేరు లోపలే ఉండిపోతే మళ్లీ పెట్టి తిప్పారు.

పటేల్ కుర్చీలోంచి లేవలేదు. "ఇగ సాలు, ఇడిసిపెట్టుండ్రి. సస్తే కేసైతది" అన్నాడు, జీతగాడికి మడిలో నీళ్లు కట్టేయమని చెప్పినంత నిమ్మళంగా.

సోమయ్య గుంపు వెనక నిలబడి నేల చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం గంజి కాచి తెచ్చింది మాత్రం అతనే. ఆమె తాగలేకపోయింది. పోలీసులు వచ్చి, పటేల్ ఇంట్లో అన్నం తిని, ఇది ఇంటి ముచ్చట అని చెప్పి వెళ్లారు.

తర్వాతి నెల కరుణాకర్ వచ్చి ఆమె ముఖం చూసి కంటతడి పెట్టాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. ప్రార్థన మందిరానికి జాగా ఇస్తానని పటేల్ మాట ఇచ్చి ఉన్నాడు, ఆ మాట ఎక్కడ తప్పుతాడోనని పాస్టరు భయం. గుంత పూడ్చమన్నాడు.

"అందరితోని కలిసి చెయ్యాలె కొమురవ్వా. ఒక్కదానివే చేస్తివి గనుకనే గదా గీ అనుమానం."

"నువ్వే జెప్తివి గదయ్యా" అంది ఆమె. పళ్లు లేని నోట్లోంచి ఆ మాట గాలిలా వచ్చింది. ఆయనకు అర్థం కాలేదు. ఏమన్నావని అడగలేదు కూడా.

ఆమె పూడ్చలేదు. ఇప్పుడు ఆ వైపు ఎవరూ రావడం లేదు. పిల్లలు ఆడుకోవడం మానేశారు, ఆడవాళ్లు చుట్టూ తిరిగి పోతున్నారు. నిశ్శబ్దం కావలసినంత ఉంది. కానీ కళ్లు మూసుకుంటే చాలు, రొమ్ము మీద సారయ్య మోకాలు బరువుగా దిగేది. పగవాళ్ల కోసం దేవుణ్ణి వేడుకోవాలని ఆమెకు తెలుసు. సారయ్యను తలుచుకుంటే మాత్రం, వాడి ఇంట్లో ఎన్నటికీ ఊయల ఊగొద్దనే కోరిక ఒక్కటే పైకి వచ్చేది. ఆ కోరికతో దేవుడి ముందు కూర్చోవడానికి జంకి, కొన్నాళ్లు తడక తీసి లోపలికి చూసి వెనక్కి వచ్చేసింది.

మళ్లీ కడుపుతో ఉన్న రాజీ ఒక పొద్దున వచ్చి ఆ తడక ముందు కూలబడింది.

"నీ కాళ్లు మొక్కుత చెల్లె. పెట్టింది తీసెయ్."

"నేనేం పెట్టలే అక్కా. పెట్టంది ఎట్ల తియ్యాలె?"

రాజీ నమ్మలేదు. ఇంకా మనసు కరగలేదనుకుని కాళ్లు పట్టుకుని ఏడ్చింది. చివరికి కొమురవ్వ ఆమె కడుపు మీద చేయి పెట్టి, బిడ్డను బతికించమని దేవుణ్ణి అడిగింది. అది నిజంగా లోపలి నుంచి వచ్చిందో, రాజీని పంపించేయడానికి అన్నదో ఆమెకే తెలియలేదు.

మగపిల్లవాడు పుట్టాడు, బతికాడు. దాంతో ఊరికి రుజువు దొరికింది. తీయగలిగిందంటే పెట్టిందీ ఆమే అన్నారు. సారయ్య నల్లకోడిని తెచ్చి తడక ముందు కోసి, గోడకు పసుపూ కుంకుమా పూశాడు. ఆమె నీళ్లు పోసి కడిగేసింది.

"నాకు మొక్కకు బావా. నేనేం చెయ్యలేదని నాడు గూడ జెప్పిన" అంది.

సారయ్య చేతులు కట్టుకుని వినయంగా వెనక్కి వెనక్కి నడిచి పోయాడు. కోడి చాలక కోపగించిందనుకుని మరుసటి వారం రెండు తెచ్చాడు. అతన్ని చూసి ఇంకొందరు తేవడం మొదలుపెట్టారు. ఆమె ఎంత కడిగినా నెత్తురు వాసన పోయేది కాదు. పటేల్ ఇచ్చిన జాగాలో అప్పటికి మందిరం లేచింది. గోడ మీది కుంకుమ సంగతి విన్న కరుణాకర్, మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ఆమెను రావద్దన్నాడు.

ఆ ఎండాకాలం కొమురవ్వ గడ్డపార తెచ్చి గోడ మీద పోటు వేసింది. ఒక పక్క కూలింది. చప్పుడు విని సారయ్య, ఇంకా నలుగురూ పరుగెత్తుకొచ్చారు. "కూలగొడితే మా పోరనికి తగుల్తది" అంటూ గడ్డపార గుంజుకున్నారు. ఆమెను రెక్కలు పట్టి పక్కన కూర్చోబెట్టి, తిరిగి వాళ్లే కట్టారు. ఈసారి ఇటుకతో, సున్నంతో, మనిషి నిలబడేంత ఎత్తున. ఇటుక పటేల్ ఇచ్చాడు. తడక పీకేసి ఎర్రగుడ్డ వేలాడదీశారు. ఎనభైల నాటికి దారిన పోయేవాళ్లు కూడా అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టేవాళ్లు.

కొమురవ్వ మళ్లీ అందులో అడుగు పెట్టలేదు. నాట్ల కాలంలో ఒక్కోసారి నడుము ఎత్తి, చేతిలో నారు పట్టుకుని, కళ్లు మూసుకుని మడిలో అలాగే నిలబడిపోయేది. పక్కనున్న ఆడవాళ్లు పాట ఆపి, ఆమె చుట్టూ జాగా వదిలి, అవతలికి జరిగి నాటు వేసుకునేవాళ్లు.