హైడ్రోజన్ ఏ బాయిలో తవ్వుతారు

ఆ సాయంత్రం మా క్వార్టరు ముందుకు వచ్చినవాళ్లు మొదటి షిఫ్టు దిగి స్నానం కూడా చేయలేదు. అంత తొందరపడి వచ్చారంటే నన్ను నిలదీయడానికేనని అర్థమైంది. గోదావరిఖనిలో ఇంటర్ పిల్లలకు ఇంట్లోనే కెమిస్ట్రీ ట్యూషన్ చెప్తాను. ఆ వారం హైడ్రోజన్ గురించి చెప్తున్నాను. బొగ్గు రోజులు ఎల్లకాలం ఉండవని టీచరమ్మ చెప్పిందని ఒక పిల్ల ఇంట్లో అన్నం తింటూ అన్నదట. ఆ పిల్ల తండ్రి మా ఆయనతో కలిసి బాయి దిగే మనిషి. మాకు బాయి అంటే గని. నేను ఆయన్ని అన్నా అని పిలుస్తాను.

నిజానికి అది నాకూ కొత్త పాఠమే. నా డిగ్రీ రోజుల్లో హైడ్రోజన్ అంటే వెలిగించిన పుల్ల దగ్గర పెడితే టప్పుమనేది, అంతే. ఈ మధ్య పిల్లలు గ్రీన్ హైడ్రోజన్ అంటే ఏమిటని అడిగారు. తెలియదని వదిలేయడం నాకు చేతకాదు కనుక కూర్చుని చదివాను. రంగే లేని వాయువుకు ఇన్ని రంగుల పేర్లేమిటని మొదట పుస్తకంతోనే పోట్లాడాను. సహజవాయువు నుంచి తీసి, కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలేస్తే గ్రే. దాన్ని పట్టి దాచిపెడితే బ్లూ. ఎండతోనో గాలితోనో పుట్టిన కరెంటుతో నీటిని విడగొడితే గ్రీన్.

అన్న అరుగు మీద కూర్చున్నాడు. తిట్టలేదు. నెమ్మదిగా అడిగాడు.

"చెల్లె, గా హైడ్రోజన్ ఏ బాయిల తవ్వుతరు?"

ఎవరూ నవ్వలేదు. మండేదేదైనా భూమి కింద నుంచే రావాలన్నది వాళ్ల బతుకు నేర్పిన లెక్క. దీన్ని తవ్వరని, తయారు చేస్తారని చెప్పి, గ్లాసు నీళ్లలో కాస్త తినే సోడా, సబ్బు కలిపి, రెండు పెన్సిల్ ముళ్లు ముంచి వాటికి బ్యాటరీ తగిలించాను. బుడగలు లేచి నురుగు కట్టింది. అగ్గిపుల్ల గీసేసరికి మనుషులంతా ఒక్కసారే వెనక్కి జరిగారు. అగ్గిపెట్టె ఉందేమోనని రోజూ గని ముందు జేబులు తడిమించుకుని దిగేవాళ్లు మరి. నురుగు టప్పున పేలింది.

అన్న మాత్రం బ్యాటరీ వైపే చూస్తున్నాడు. కాసేపటికి ఆయన మొహం విచ్చుకుంది.

"కరెంటు కావాలె గద? కరెంటంటె మన బొగ్గే. గదే చెప్పు పిల్లలకు. రేపటి సంది ఎప్పటి లెక్కనే వస్తరు."

చెప్పకపోతే మా క్వార్టర్ల లైను లైనంతా పిల్లల్ని వేరే ట్యూషన్‌కు పంపాలనుకున్నారట. గుమ్మంలోంచి మా ఆయన ఒప్పుకోమని కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఒక్క మాటతో అంతా సర్దుకునేది. నా ట్యూషన్ నిలబడేది.

"బొగ్గు కాల్చి కరెంటు, కరెంటుతోని హైడ్రోజన్. అడుగడుగున కొంత పోతది అన్నా. పొగ ముందే మీదికి పోయింది. గంత తిప్పలెందుకు, బొగ్గే కాల్చుకోరాదు?"

హైడ్రోజన్‌తో ప్రతి స్కూటరూ నడుస్తుందని కూడా నేను చెప్పడం లేదన్నాను. మన ఊళ్లోని ఎరువుల ఫ్యాక్టరీలో యూరియా చెయ్యాలన్నా అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఉక్కు కొలిమిలో బొగ్గు చేసే పని కూడా హైడ్రోజన్ చేయగలదు. కాకపోతే దానికి కరెంటు ఎండ నుంచి రావాలి, ఇక్కడి జలాశయం మీద తేలే సోలార్ పలకల్లాంటి వాటి నుంచి.

"మరి మా బతుకు?" అన్నాడు అన్న.

ఇంతసేపూ అడగాలనుకున్నది అదే.

"బొగ్గు రేపే బందయితదని నేననలె. ఎన్నటికి ఉంటదని కూడ అన. గా కొత్త మిషన్ల కాడ నీ బిడ్డ పని చెయ్యాలంటె ఇయ్యాల్నే నేర్చుకోవాలె. అబద్ధం నేర్పుమంటె నాతోని కాదు."

ఆయన లేచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ వెంట నడిచారు. నోరు కాస్త అదుపులో పెట్టుకుంటే ఏం పోయేదని మా ఆయన నిష్ఠూరమాడాడు. పెట్టుకున్నాను కాబట్టే అంతటితో ఆపానని చెప్పాను.

మరునాడు సగం చాపలు ఖాళీ. అన్న కూతురూ రాలేదు. వాళ్లది మాకు మూడో ఇల్లు. కిటికీలు బార్లా తెరిచి, నీటిని విడగొట్టడం దగ్గర నుంచి పాఠం మళ్లీ మొదలుపెట్టాను, ఆ ఇంటి దాకా వినబడేలా.