మా చెల్లెకు ఏమీ తెలియదని చెప్పాను

పదకొండేళ్లుగా ఒక మాట గుండెలో పెట్టుకొని తిరుగుతున్నాను. దుబాయిలో లేబర్ క్యాంపు మంచం మీద దాన్ని మోశాను. తిరిగొచ్చి కోరుట్లలో చిన్న దుకాణం పెట్టుకున్నాక కూడా మోస్తూనే ఉన్నాను. అమ్మకు చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా చెల్లె స్వరూపకు పుట్టినప్పటి నుంచి మాట లేదు. కాళ్లూ చేతులూ కూడా ఆమె చెప్పినట్టు వినవు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. అవునంటే కళ్లు పైకెత్తుతుంది, కాదంటే మొహం తిప్పేసుకుంటుంది. నేను అమ్మకు ఏదైనా సాకు చెబుతుంటే ఇంట్లో అందరికన్నా ముందు కనిపెట్టి నవ్వేది ఆమే.

నేను సిరిసిల్లలో సాంచాలు నడిపేవాణ్ణి. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఆర్డర్లు లేక అవి ఒక్కొక్కటిగా ఆగిపోయిన ఏడాది, మా ఊరు మేడిపల్లిలో అమ్మకూ చెల్లెకూ పూట గడవడం కష్టమైంది. నేను గల్ఫ్ పోక తప్పదు. నేను పోయాక వాళ్లకు ఏదో ఒక ఆధారం ఉండాలంటే చెల్లెకు పెన్షన్ రావాలి. తెలివి ఉన్నట్టు కనిపిస్తే డాక్టర్లు వైకల్యం శాతం తగ్గిస్తారని ఊళ్లో అనుకునేవాళ్లు. నిజమా అని నేనెవరినీ అడగలేదు. వారం రోజులు చెల్లెకు నేర్పాను: ఎవరేం అడిగినా కళ్లెత్తకు, నవ్వకు, నేల వైపే చూడు. జగిత్యాలలో డాక్టర్లు వికలాంగులను పరీక్షించే క్యాంపులో ఆమె అట్లాగే చేసింది. ఎంత బాగా చేసిందంటే, బయటికొచ్చాక ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. బుద్ధి ఎదగలేదని కాగితంలో రాశారు. పెన్షన్ వచ్చింది.

అక్కడితో ఆగితే ఇంత బాధ ఉండేది కాదేమో.

కొన్ని నెలలకు నాకు వీసా వచ్చింది. అదే వారం, మాట రానివాళ్లకు ప్రభుత్వం మాట్లాడే పెట్టెలు ఇస్తోందని తెలిసి అమ్మ పట్టుబట్టింది. చెల్లెను మళ్లీ జగిత్యాల తీసుకెళ్లాను. పలకంత పెట్టె, దాని మీద బొమ్మలు. ఏ బొమ్మ తాకితే ఆ మాట పలుకుతుంది. చెల్లె వణికే వేలి కణుపుతో నీళ్ల బొమ్మ తాకింది. "నీళ్లు" అంది పెట్టె. ఆమె ఉలిక్కిపడి, గట్టిగా నవ్వింది. తర్వాత చాలాసేపు వెతికి ఇంకో బొమ్మ తాకింది. "అన్న" అంది పెట్టె. నన్ను చూసి మళ్లీ తాకింది. "అన్న." ఇరవై రెండేళ్లలో ఆమె నన్ను పిలవడం అదే మొదటిసారి.

పెట్టెలిచ్చే మేడం మా కాగితాలు తిరగేసి ఆగిపోయింది.

"ఏందన్నా, ఈమెకేం సమజ్ కాదని కాయిదంల రాసిన్రు. గీమె నిన్ను పిలుస్తాంది గదా?"

"పిలుసుడు కాదు మేడం. ఊకెనే తాకుతది."

"మంచిగ సూసి చెప్పన్నా. సమజైతదంటే మళ్ల డాక్టర్లకు చూపెడ్దాం. గీ కాయిదం మీద పెట్టె ఇయ్యరాదు."

"ఏం సమజ్ కాదు మేడం. ఇంటికాడ గూడ గంతే."

చెల్లె పక్కనే ఉంది. మేడం పెట్టెను మెల్లగా ఆమె ఒళ్లోంచి తీసుకుంది. ఇంటికి వచ్చే బస్సులో స్వరూప కిటికీ వైపు తిప్పిన మొహం తిప్పినట్టే ఉంచింది.

ఎందుకన్నాను ఆ మాట? మళ్లీ పరీక్ష చేస్తే అబద్ధం బయటపడుతుందని, పెన్షన్ ఆగిపోతుందని, కేసు పెడితే నా ప్రయాణం చెడిపోతుందని భయపడ్డాను. అట్లా అవుతుందని ఎవరైనా చెప్పారా? లేదు. ఆమె కాళ్లూ చేతులూ చూసినా ఆ పెన్షన్ వచ్చేదని, తెలివి దాచాల్సిన పనే లేదని, చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

దుబాయి నుంచి ఫోన్ చేస్తే అమ్మ ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టేది. ఒక మూలుగు వినిపించేది. "మంచిగున్ననంటాంది కొడుకా" అనేది అమ్మ. నిజంగా ఏమన్నదో అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. ఏళ్ల తరబడి అట్లాగే మాట్లాడుకున్నాం.

ఇప్పుడామెకు ముప్పై మూడు. పెట్టెలు మళ్లీ ఇస్తున్నారట. పాత కాగితం తప్పని ఎవరో ఒకరు డాక్టర్ల ముందు చెప్పాలి. ఆ ఎవరో నేనే. దరఖాస్తు దుకాణంలో ఇరవై రోజులుగా ఉంది. ఇంకా వెళ్లలేదు. డాక్టర్లకు భయపడుతున్నానా, పెట్టె వస్తే ఆమె నాతో ఏమంటుందోనని భయపడుతున్నానా? రెండోదే అనుకుంటాను.

క్షమించమని అడగలేదు. అడిగితే కళ్లెత్తుతుంది, ఆమె మనసు నాకు తెలుసు. కానీ అవును, కాదు అనే రెండింటికి మించి ఆమెకు ఏం చెప్పాలనుందో, అది చెప్పే దారిని మూసినవాణ్ణి నేను.

ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అది నాకే, ఆమెకు కాదు. మా చెల్లెకు అన్నీ అర్థమవుతాయి. ఆ రోజు మేడంతో నేనన్న ప్రతి మాటా అర్థమైంది.