ఓపిక పాఠాలు

ఆఫీసులో ఆయన్ని వెనకాల ‘లాంగ్ టర్మ్’ అంటారు. టీ ఊదుకుంటూ, “షేర్లు కొన్నవాడు మొక్క నాటినట్టుండాలోయ్, రోజూ పీకి వేళ్లు చూసుకోకూడదు” అని పాఠం చెబుతాడు. ఆ వెంటనే బాత్రూంలో దూరి ఫోన్లో ధరలు చూసుకుని, ముఖం కడుక్కుని వస్తాడు. మార్కెట్ కుప్పకూలిన రోజు కూడా అక్కడే ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది.

“అన్నయ్యా, నావన్నీ అమ్మేయనా?”

“పిచ్చిదానా, కదలకు. ఏళ్ల తరబడి ఆగాలి.”

ఇలా మందలిస్తూనే, ఇంటి కోసం దాచిన తన షేర్లన్నీ అదే ఫోన్లో అయినకాడికి అమ్మేశాడా మహానుభావుడు. కొన్నేళ్లకు ధరలు కోలుకుని రెట్టింపయ్యాయి. చెల్లెలు ఇల్లు కొని, అన్నావదినల్ని భోజనానికి పిలిచింది.

“నీ మాట విన్నాను కాబట్టే ఈ ఇల్లు, అన్నయ్యా.”

“మరి మనిల్లెప్పుడండీ?” అంది భార్య.

“ఓపికుండాలే,” అని విసుక్కుని, బాత్రూం ఎటువైపని చెల్లెల్ని అడిగాడు.